విచారణ మధ్యలో రాజీ: మా పంపకాల దావాలో నా అనుభవం

2023 డిసెంబరులో జరిగిన జాతీయ లోక్ అదాలత్‌లో, మా తమ్ముడి మీద నేనూ మా చెల్లెలూ వేసిన పంపకాల దావా రాజీతో ముగిసింది. అప్పటికి దావా దాఖలై 4 సంవత్సరాల 10 నెలలు. నా సాక్ష్యం, తమ్ముడి సాక్ష్యం పూర్తయి, అతని తరఫున ఒక్క సాక్షి మాత్రమే మిగిలి ఉండగా మేము సంతకాలు పెట్టాం. అంత దూరం వెళ్లినవాళ్లు తీర్పు దాకా ఎందుకు ఆగలేదని కొందరూ, ఎలాగూ రాజీపడేవాళ్లు అసలు కోర్టు ఎందుకు ఎక్కారని మరికొందరూ ఇప్పటికీ అడుగుతుంటారు. ఎదురుపడినప్పుడు ఒక్క మాటలో చెప్పలేక ఊరుకున్న సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

మాది కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ కింద మాగాణి. తాతగారి నుంచి నాన్నగారికి వచ్చిన 6 ఎకరాల 40 సెంట్ల పొలం, ఊళ్లో ఒక డాబా ఇల్లు, అంతే ఆస్తి. అమ్మ 2011లో, నాన్నగారు 2016లో పోయారు. నాన్నగారు వీలునామా రాయలేదు. నేను ఉపాధ్యాయినిగా పనిచేసి 2018లో రిటైరయ్యాను. చెల్లెలు డల్లాస్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. తమ్ముడు ఊళ్లోనే ఉండి సేద్యం చేసుకుంటున్నాడు. నాన్నగారు చివరి అయిదేళ్లు మంచాన పడితే చూసింది అతనూ మరదలూ. ఈ సంగతి దావా పత్రంలో మేము రాయలేదు, రాయవలసిన చట్టపరమైన అవసరమూ లేదు. అయినా రాజీ షరతులు రాసుకున్న రోజున ప్రతి అంకె వెనుకా అదే నిలబడి ఉంది.

కోర్టుకు వెళ్లకముందు రాజీకి ప్రయత్నించలేదనుకుంటే పొరపాటు. నాన్నగారి సంవత్సరీకాలు అయ్యాక రామాలయం అరుగు మీద పెద్దమనుషులు రెండుసార్లు కూర్చున్నారు. ఆడపడుచులకు చెరో 50 సెంట్లు పసుపు కుంకుమల కింద ఇవ్వడానికి తమ్ముడు ఒప్పుకున్నాడని, అంతకు మించి అడిగితే పుట్టింటి గడప తొక్కే యోగ్యత పోగొట్టుకుంటారని చెప్పారు. పసుపు కుంకుమల కింద పుచ్చుకునేది పెట్టుపోత, పెట్టేవాడి ఇష్టం. నేను అడిగింది భాగం. ఆ తేడా అక్కడ కూర్చున్న ఒక్కరికీ పట్టలేదు. మా వైపు చట్టం ఉందని వాళ్లకు నమ్మకం కలిగితే తప్ప మాటలు ముందుకు సాగవని ఆ రోజే అర్థమైంది.

చట్టం మా వైపు ఉందో లేదో మాకూ స్పష్టంగా తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. దేశం మొత్తం కంటే ఇరవై ఏళ్లు ముందు మన రాష్ట్రం తెచ్చిన చట్టమని గర్వంగా చెప్పుకుంటాం గానీ, ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు అది వర్తించదు. నా పెళ్లి 1979లో, చెల్లెలి పెళ్లి 1984 మే నెలలో జరిగాయి. పదహారు నెలలు ఆగి పెళ్లి చేసి ఉంటే చెల్లెలి సంగతి వేరుగా ఉండేది. మమ్మల్ని లోపలికి తెచ్చింది 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ. దానిలో పెళ్లి తేదీ పట్టింపు లేదు. అయితే 2004 డిసెంబరు 20కి ముందే జరిగిపోయిన పంపకాలను అది తిరగదోడదు. మా దావా అంతా ఈ చివరి వాక్యం చుట్టూనే తిరిగింది.

2019 ఫిబ్రవరిలో మా జిల్లాలోని ఒక పట్టణంలో సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేశాం. ఆస్తి అందరి ఉమ్మడి స్వాధీనంలో ఉందని చెప్పి వేసే పంపకాల దావాకు కోర్టు ఫీజు 200 రూపాయలే. లక్షల విలువైన ఆస్తి మీద దావాకు అంత తక్కువ ఫీజు చూసి నేను ఆశ్చర్యపోతే, మా ప్లీడరుగారు నవ్వి, ‘లోపలికి రావడానికి టికెట్టు చవకేనమ్మా, ఖర్చంతా లోపల ఉండడానికే’ అన్నారు. పొలం అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వు కోరుతూ ఒక మధ్యంతర దరఖాస్తు (ఐ.ఏ.) కూడా వేశాం. దానికే మొదటి ఏడాది సగం గడిచింది. జవాబు దావా వేయడానికి 30 రోజులు, మహా అయితే 90 రోజులు గడువని చట్టం. మా తమ్ముడి జవాబు ఏడు నెలలకు వచ్చింది, ఖర్చులు కట్టించి కోర్టు దాన్ని తీసుకుంది.

ఆ జవాబుతో పాటు వచ్చిన కాగితం చూశాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. 2003లోనే నాన్నగారూ తమ్ముడూ చెరి సగం, అంటే చెరో 3 ఎకరాల 20 సెంట్లు పంచుకున్నారని, అలా నోటిమాటగా జరిగిపోయిన పంపకాన్ని తరువాత గుర్తుకోసం రాసుకున్న జాబితా ఇదని తమ్ముడి వాదన. రిజిస్ట్రేషన్ లేదు. కింద నాన్నగారి సంతకం, సాక్షులుగా ఇద్దరి సంతకాలు ఉన్నాయి. వారిలో ఒకరు అప్పటికే పోయారు, మిగిలినది మా బాబాయి. అది కల్పిత పత్రమని మేము అభ్యంతరం చెప్పాం. చాలినంత స్టాంపు లేదనే అభ్యంతరం మీద తమ్ముడు లోటు సుంకమూ దానికి పది రెట్లు జరిమానా కూడా కట్టి, ఆ కాగితాన్ని బి1 ఎగ్జిబిటుగా, అంటే ప్రతివాది వైపు మొదటి సాక్ష్యపత్రంగా, గుర్తింపజేసుకున్నాడు.

2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు కోర్టులు కోవిడ్ వల్ల సగం మూతపడి ఉన్నాయి. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురికి సమాన హక్కు ఉంటుందని ఆ తీర్పు తేల్చింది. పత్రికల్లో వచ్చింది ఆ ఒక్క ముక్కే. మాకు అసలు పనికొచ్చినది దానిలోని మరో భాగం. నోటి పంపకం జరిగిందనే వాదనను కోర్టులు సులభంగా ఒప్పుకోరాదని, ప్రభుత్వ రికార్డుల వంటి గట్టి ఆధారం ఉన్న అరుదైన సందర్భాల్లో మాత్రమే ఒప్పుకోవచ్చని దానిలో ఉంది. నేను గెలిచినంత సంబరపడితే మా ప్లీడరుగారు ఆ వాక్యంలోని రెండో సగాన్ని నాచేత మళ్లీ చదివించారు. ఎందుకంటే తమ్ముడి పేరు మీద 3 ఎకరాల 20 సెంట్లకు 2004 మొదట్లోనే పట్టాదారు పాసుపుస్తకం వచ్చి ఉంది.

ఆ సాయంత్రం ఆయన ఒక కాగితం మీద వేసిచ్చిన లెక్క నా దగ్గర ఇప్పటికీ ఉంది. 2003 పంపకం నిలబడకపోతే 6 ఎకరాల 40 సెంట్లు ముగ్గురికీ సమానం, ఒక్కొక్కరికి 2 ఎకరాల 13 సెంట్లు. నిలబడితే తమ్ముడి సగం తమ్ముడిదే, నాన్నగారి సగం మాత్రం ముగ్గురికీ వస్తుంది, నాకు దాదాపు 1 ఎకరం 7 సెంట్లు. మొత్తం దావా గెలిచినా ఓడినా నా చేతికొచ్చేది ఈ రెండు అంకెల మధ్యనే ఉంటుంది. పెద్దమనుషులు చెప్పిన 50 సెంట్లు ఓడిపోతే వచ్చేదానిలో సగం కూడా కాదు. కోర్టుకు వెళ్లకుండా రాజీపడి ఉంటే అని బాధపడే బంధువులకు నేను ఈ కాగితం చూపిస్తాను.

వాయిదాల సంగతి పెద్దగా రాయను, కోర్టు మెట్లెక్కిన ప్రతివారికీ తెలిసినదే. జడ్జిగారి బదిలీ, లాయర్ల బహిష్కరణ, గుమాస్తా ఫోను చేసి ఈసారి రానక్కరలేదని చెప్పడం, వెళ్లనక్కరలేదన్న రోజునే మన కేసు పిలవడం. 2021లో వివాదాంశాలు ఖరారయ్యాయి. 2022లో నా ముఖ్య విచారణ అఫిడవిట్ రూపంలో దాఖలైంది, ఆ తరువాత రెండు వాయిదాల్లో నన్ను క్రాసు చేశారు, అంటే అవతలి ప్లీడరు ఎదురు ప్రశ్నలు వేశారు.

ముప్పై ఏళ్లకు పైగా తరగతి గదిలో నిలబడి ప్రశ్నలు వేసినదాన్ని, బోనులో నిలబడి జవాబు చెప్పడానికి తడబడ్డాను. పెళ్లికి నాన్నగారు ఎంత కట్నం ఇచ్చారు, ఏ బ్యాంకులో మీ బంగారం ఉంది, నాన్నగారి మందులకు మీరు ఎన్నడైనా ఒక్క రూపాయి ఇచ్చారా అని అడిగారు. మూడో ప్రశ్నకు నా జవాబు నాకే నచ్చలేదు. చివరలో అవతలి ప్లీడరు తన వాదనను ఒక్కొక్కటిగా నా ముందు పెడుతుంటే నేను కాదనడం, జడ్జిగారు దాన్ని వాక్యంగా చెప్పి రాయించడం. ‘2003లో పంపకం జరిగిందనడం నిజం కాదు. ఆస్తి మీద ఆశతో నేను అబద్ధపు దావా వేశాననడం నిజం కాదు.’ అదే మూసలో ఇరవైకి పైగా వాక్యాలు నా పేరు మీద రికార్డులోకి ఎక్కాయి.

మధ్యలో బి1 నా చేతికిచ్చి, ఆ సంతకం మీ నాన్నగారిదేనా అని అడిగారు. అప్పటి దాకా నేను దాని నకలు మాత్రమే చూశాను. అసలు కాగితం మీద నీలి సిరా సంతకంలో చివరి అక్షరం కింద నుంచి వెనక్కి తిప్పిన గీత, నా స్కూలు ప్రోగ్రెస్ రిపోర్టుల మీద చూసి పెరిగిన గీత. మా నాన్నగారి సంతకంలా కనిపిస్తోంది గానీ కచ్చితంగా చెప్పలేనన్నాను. బయటికి వచ్చాక మా ప్లీడరుగారు కోప్పడలేదు, చాలాసేపు మాట్లాడలేదు, అంతే. తరువాత నెమ్మదిగా, సంతకం నిజమైనంత మాత్రాన పంపకం నిజమైపోదని, ఎప్పుడు ఎందుకు పెట్టించారో తెలియదని, కానీ కల్పిత పత్రమన్న మన వాదన మాత్రం ఇక బలంగా నిలవదని చెప్పారు.

2023లో తమ్ముడి క్రాసు జరిగింది. పంపకమైన 2003 తరువాత కూడా పొలం మొత్తానికి పంట రుణాలు నాన్నగారి పేరునే తెచ్చారని, ఇద్దరి గట్లు వేరుగా ఎన్నడూ వేయలేదని అతని నోటనే వచ్చింది. అలా వాళ్ల వైపు కూడా కొంత విరిగింది. ఇక బాబాయి మిగిలారు. ఎనభై దాటిన మనిషి, అఫిడవిట్ దాఖలయ్యాక క్రాసుకోసం మూడు వాయిదాలు వచ్చి కోర్టు వరండా బెంచీ మీద కూర్చుని వెళ్లారు. మూడోసారి మంచినీళ్లు ఇవ్వడానికి వెళితే నా చెయ్యి పట్టుకుని, ‘అమ్మాయీ, నన్ను ఆ బోను ఎక్కించకండి, మీరూ మీరూ తేల్చుకోండి’ అన్నారు. సంతకం పెట్టిన రోజున ఆ కాగితంలో ఏముందో ఆయనకు తెలుసా అని నేను అడగలేదు. అడిగి ఉండవలసిందని ఒక్కోసారి అనిపిస్తుంది.

ఆ రాత్రి తమ్ముడు ఫోను చేశాడు. దావా వేశాక అతను నన్ను ‘అక్కా’ అని పిలవడం అదే మొదటిసారి. బాబాయి అతనితోనూ అదే మాట అన్నారట.

తీర్పు దాకా వెళితే ఏమవుతుందో ప్లీడరుగారిని దాపరికం లేకుండా చెప్పమన్నాను. పంపకాల దావాలో వచ్చే మొదటి తీర్పు ప్రాథమిక డిక్రీ మాత్రమే, ఎవరి వాటా ఎంతో చెబుతుంది, ఏ ముక్క ఎవరిదో చెప్పదు. దాని మీద ఓడినవారు జిల్లా కోర్టుకు అప్పీలు చేయవచ్చు, చట్టపరమైన ముఖ్య ప్రశ్న ఉంటే హైకోర్టుకు రెండో అప్పీలు. ఇవన్నీ దాటాక తుది డిక్రీ కోసం మళ్లీ పిటిషన్, అడ్వొకేట్ కమిషనర్ నియామకం, సర్వేయరుతో కొలతలు, కమిషనర్ రిపోర్టు మీద ఇరువైపులా అభ్యంతరాలు. నాకు అప్పటికి 65 ఏళ్లు. 2 ఎకరాల 13 సెంట్లు కాగితం మీద గెలిచి, దాన్ని కొలిపించుకోవడం నా పిల్లల వంతవుతుందనేది ఆయన లెక్క. వాళ్లిద్దరికీ ఆ ఊళ్లో పొలం ఏ దిక్కున ఉందో కూడా తెలియదు.

కోర్టు బయట రాజీ అంటే ఏదో ఒక కాగితం రాసుకుని దావా ఉపసంహరించుకోవడమేనని నేను అనుకునేదాన్ని. ఆ దారి వద్దని ప్లీడరుగారు గట్టిగా చెప్పారు. దావా వెనక్కి తీసుకున్నాక అవతలివారు రిజిస్ట్రేషన్‌కు రాకపోతే మళ్లీ మొదటికొస్తాం. రాజీ షరతులను కోర్టు ముందే దాఖలు చేసి డిక్రీ పొందడం ఒక పద్ధతి, లోక్ అదాలత్‌కు పంపించుకుని అవార్డు పొందడం మరొకటి. లోక్ అదాలత్ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. కట్టిన కోర్టు ఫీజు కూడా వాపసు వస్తుంది. డబ్బు దావాల్లో అది పెద్ద మొత్తమే గానీ, మాకు వచ్చేది 200 రూపాయలు.

షరతులు రాసుకోవడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాల్లో జరిగిన వాదం క్రాసులో జరిగినదానికి తీసిపోదు. నాకూ చెల్లెలికీ చెరో 1 ఎకరం 70 సెంట్లు, తమ్ముడికి 3 ఎకరాలు అన్న మాట రెండో రోజుకే కుదిరింది. కాలువ గట్టు రోడ్డు వైపు ముక్క ఎవరిదనే దగ్గర పదిహేను రోజులు ఆగిపోయాం. రోడ్డు వైపు నిలువుగా మూడు ముక్కలు చేసి ముగ్గురికీ రోడ్డు తగిలేలా స్కెచ్ గీయించాక అది తెగింది. ఇల్లు పూర్తిగా తమ్ముడికే వదిలేశాం. దావా వేసిననాడు ఇంటిని షెడ్యూలులో, అంటే దావా ఆస్తుల జాబితాలో, చేర్చలేదు. దావాలో లేని స్థిరాస్తిని రాజీ డిక్రీలో కలిపితే ఆ మేరకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అవుతుంది కాబట్టి, ముందు సవరణ పిటిషన్ వేసి ఇంటిని షెడ్యూలులోకి తెచ్చి, ఆ తరువాత దాన్ని వదులుకున్నాం. వదులుకోవడానికి కూడా ముందు అడగాలన్నమాట. 2016 నుంచి పంట ఆదాయంలో మా వాటా కింద తమ్ముడు చెరో 3 లక్షలు రెండు వాయిదాల్లో ఇవ్వాలని, తప్పితే 12 శాతం వడ్డీతో అమలు పిటిషన్ వేసుకోవచ్చని రాశాం. అలాంటి షరతు లేని రాజీ ఉత్తుత్తి మాటేనని ప్లీడరుగారి పట్టుదల. తమ్ముడికి అది అవమానంగా తోచింది, రెండు రోజులు ఫోను ఎత్తలేదు.

అవతలి ప్లీడరు పంపిన మొదటి చిత్తులో ‘ఆడపడుచుల మీది అభిమానంతో ఇచ్చుటకు అంగీకరించిన’ అని ఉంది. రామాలయం అరుగు మీది మాట మళ్లీ కోర్టు కాగితంలోకి నడిచొచ్చింది. దాన్ని కొట్టేసి ‘వారసత్వపు హక్కుగా సంక్రమించిన’ అని రాయించాను. ఈ ఒక్క మాటకోసం పది సెంట్లు తగ్గమన్నా తగ్గేదాన్నేమో, తమ్ముడు అడగలేదు. ప్రతిగా అతను ఒకటి కోరాడు. బి1 కల్పిత పత్రమన్న మా ఆరోపణను వదులుకుంటున్నామని రాయమన్నాడు. పంపకం జరిగిందని ఒప్పుకోకుండా, ఆరోపణను మాత్రం కొనసాగించడం లేదని రాశాం.

డల్లాస్‌లో ఉన్న చెల్లెలి సంతకం మరో ప్రహసనం. దావా నడపడానికి ఆమె నాకు మొదట ఇచ్చిన పవరాఫ్ అటార్నీలో రాజీపడే అధికారం స్పష్టంగా లేదు. హ్యూస్టన్‌లోని భారత కాన్సులేటులో ధ్రువీకరించిన కొత్త పత్రం తెప్పించి, ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు వేయించాలి. అది కొరియర్‌లో వచ్చేటప్పటికి లోక్ అదాలత్‌కు పదకొండు రోజులే ఉంది. ఆమె రాజీకి ఒప్పుకున్నది కూడా సగం మనసుతోనే. ‘నువ్వు ఆ కాగితం చూశావు కదా అక్కా, అది నాన్న సంతకమేనా’ అని వీడియో కాల్‌లో అడిగింది. కోర్టులో చెప్పినదే చెప్పాను.

లోక్ అదాలత్ రోజున బెంచీ మీద ఒక న్యాయాధికారి, ఒక న్యాయవాది, ఒక సామాజిక కార్యకర్త కూర్చున్నారు. మా ముందు ప్రమాద బీమా కేసులు, చెక్కు బౌన్సు కేసులు వరసగా తేలిపోతున్నాయి. షరతులు చదివి వినిపించి, ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకుంటున్నారా, దీని మీద అప్పీలు ఉండదని తెలుసా అని మా ఇద్దరినీ విడివిడిగా అడిగారు. మొత్తం పావుగంట పట్టిందేమో. తమ్ముడు తన పెన్ను నాకిచ్చాడు.

అవార్డు వచ్చినంత మాత్రాన పొలం చేతికి రాలేదు. ఆస్తిని హద్దులతో విడదీసే ఉత్తర్వు స్టాంపు చట్టం దృష్టిలో విభజన దస్తావేజే కాబట్టి స్టాంపు కాగితాలు కొని దాఖలు చేయాలి, ఆ తరువాత తహసీల్దారు కార్యాలయంలో రికార్డుల్లో పేర్ల మార్పు (మ్యుటేషన్), సర్వే నంబరును ముక్కలుగా విడగొట్టడం (సబ్‌డివిజన్). వరి కోసిన చేలో అప్పటికే మినుము మొలిచి ఉంది. పైరు మీద ఉండగా కొలవకూడదని షరతుల్లోనే రాసుకున్నాం కాబట్టి, మినుము నూర్చాక 2024 ఏప్రిల్‌లో సర్వేయరు వచ్చాడు. డబ్బు రెండో వాయిదా గడువుకు నాలుగు రోజుల ముందే తమ్ముడు చెల్లించాడు.

రాళ్లు పాతిన రోజున బాబాయి కూడా గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఎండ ముదిరాక అందరం ఇంటికి వెళ్లి భోజనాలు చేశాం. కేసు ముగిసింది కనుక దాఖలైన అసలు పత్రాలను వాపసు ఇమ్మని తమ్ముడు కోర్టులో పిటిషన్ పెట్టుకున్నాడని, బి1 కూడా తీసుకున్నాడని మా ప్లీడరుగారు తరువాత చెప్పారు. అది ఇప్పుడు నాన్నగారి బీరువాలో ఉండి ఉంటుంది. పండక్కి వెళ్లినప్పుడు ఆ గదిలోనే పడుకున్నాను, తాళం బీరువాకే ఉంది. నేను తెరవలేదు.